తుర్రెబాజ్ ఖాన్ తురాయి

లాల్‌దర్వాజలో నేను ఏడో తరగతి చదువుతున్న రోజుల్లో ఒక ఉపాధ్యాయుడు నన్ను తుర్రుంఖాన్ అన్నాడు. కారణం చిన్నది. బోనాల పండుగకు మా మేనమామ కుట్టించిన కొత్త చొక్కా తొడుక్కొని, రోజూ కూర్చునే వెనుక బెంచీ వదిలి ముందు బెంచీలో కూర్చున్నాను. మా నాయన ఆ ఉపాధ్యాయుడి ఇంటి బట్టలు ఉతికేవాడు. ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు. అందువల్ల ఆ ఒక్క మాటకు తరగతి అంతా నవ్వింది. నేను లేచి నా పాత చోటుకు వెళ్లి కూర్చున్నాను. అది ఒక మనిషి పేరని అప్పుడు నాకు తెలియదు. ఆ ఉపాధ్యాయుడికి తెలుసునని కూడా నేననుకోను.

తెలంగాణలో ఈ మాట వినని చెవి లేదు. గొప్పలు పోయేవాణ్ణి, తన స్థాయికి మించి తల ఎగరేసేవాణ్ణి తుర్రుంఖాన్ అంటారు. అయితే ఈ మాట ఎవరి మీద పడుతుందో కొంచెం గమనించి చూడండి. దొర కొడుకు కొత్త మోటారు సైకిల్ మీద ఊళ్లోకి వస్తే అతణ్ణి ఎవరూ తుర్రుంఖాన్ అనరు. పాలేరు కొడుకు అదే బండి కొని అదే వీధిలో వస్తే అంటారు. పంచాయతీలో పెద్దమనిషి గొంతు పెంచితే అది అధికారం. వార్డు సభ్యురాలైన మాదిగ స్త్రీ భర్త గొంతు పెంచితే అది తుర్రుంఖాన్‌తనం. మనుషుల్ని వాళ్ల వాళ్ల బెంచీలకు తిప్పి పంపే మాటలు మన భాషలో చాలా ఉన్నాయి. వాటిలో నవ్వుతూ అనగలిగేది ఇదొకటి.

ఈ మాట వెనుక ఉన్నది తుర్రెబాజ్ ఖాన్ అని హైదరాబాదు చరిత్ర తెలిసినవారు చెబుతారు. 1857 జూలై 17న కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన మనిషి ఆయన. ఉర్దూలో తుర్రా అంటే తలపాగాకు పెట్టుకొనే కుచ్చు. మన తెలుగులో తురాయి అయింది ఆ మాటే. తుర్రెబాజ్ అంటే తురాయిని ఠీవిగా ధరించేవాడు. తలపాగా గురించి, తురాయి గురించి మన కులాలకు పుస్తకాలు చెప్పనవసరం లేదు. గడీ ముందు నుంచి నడిచేటప్పుడు మా తాతల తరం తలపాగా తీసి చంకలో పెట్టుకొనేది, చెప్పులు చేత పట్టుకొనేది. తలమీద ఏది ఉండాలో, ఎవరి ముందు ఉండకూడదో కులమే నిర్ణయించిన సమాజంలో, తురాయిని పేరులోనే పెట్టుకొని పుట్టినవాడు వెక్కిరింత మాటగా మిగలడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

ఆయన రుస్తుం ఖాన్ కుమారుడు, బేగంబజారువాడు. జాతి చేత రోహిల్లా. రోహిల్లాలు అఫ్ఘాన్ మూలాలున్న పఠాన్లు. ఉత్తరాన రోహిల్‌ఖండ్ వారి పేరు మీదే ఏర్పడింది. బతుకుతెరువు కోసం కత్తిని నమ్ముకొని దక్కనుకు వచ్చినవారు ఎందరో. అరబ్బులు, సిద్దీలు, రోహిల్లాలు, సిక్కులు నిజాం రాజ్యంలో కూలికి కత్తి పట్టేవారు. పాతబస్తీలో బార్కస్ పేరు బ్యారక్స్ నుంచి వచ్చిందని అక్కడి పిల్లలకు కూడా తెలుసు. హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. రోహిల్లాలు పల్లెల్లో వడ్డీలకు అప్పులిచ్చేవారు, బాకీలు కత్తి చూపి వసూలు చేసేవారు. పల్లెల్లో వారంటే భయముండేది. ముస్లిం సమాజపు అంతస్తుల్లో కూడా పఠాన్ పై మెట్ల వాడే, దూదేకులవాడూ కసాబూ కాడు. కాబట్టి తుర్రెబాజ్ ఖాన్‌ను నా కులానికి చుట్టంగా చూపించే ప్రయత్నం నేను చేయను. జాగీర్దార్లు, మన్సబ్దార్లు, పాయెగా నవాబులు కూర్చునే దర్బారులో మాత్రం ఆయన లెక్కలోకి రాని మనిషి. జీతానికి వచ్చిన సిపాయి, పని తీరాక పొమ్మనదగిన సిపాయి. ఒకటి మాత్రం నా వంతుగా చేస్తాను. నేను చదువుకున్న పాఠాల్లో సాలార్ జంగ్ ఆయన అయ్యాడు, తుర్రెబాజ్ ఖాన్ అతడు అయ్యాడు. నేను ఇద్దరినీ ఆయన అనే అంటాను.

1857 మే నెల. మీరట్‌లో సిపాయిలు తిరగబడిన వారం రోజుల్లోపే, మే 16న హైదరాబాదులో నాలుగో నిజాం నాసిరుద్దౌలా మరణించాడు. ఆయన కుమారుడు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాన్ సాలార్ జంగ్‌కు అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. రెసిడెంటు కల్నల్ డేవిడ్సన్ కొత్తగా వచ్చినవాడు. రాజ్యం అప్పుల్లో మునిగి ఉంది. ఆ అప్పు ఎట్లా వచ్చిందో తెలిస్తేగాని తర్వాతి కథ అర్థం కాదు. హైదరాబాదు కంటింజెంట్ అని ఒక సైన్యం ఉండేది. దాని అధికారులు ఇంగ్లీషువారు, ఆజ్ఞలు ఇంగ్లీషువారివి, జీతాలు మాత్రం నిజాం ఖజానావి. ఆ జీతాల బాకీ పేరు చెప్పి 1853లో కంపెనీ బీరారును, రాయచూరు అంతర్వేదిని, నల్దుర్గ్ సీమను తన చేతుల్లోకి తీసుకుంది. ఇంటివాడి డబ్బుతో కాపలావాణ్ణి పెట్టి, ఆ కాపలావాడి జీతం బాకీకి ఇల్లే జప్తు చేసినట్టు.

ఆ కంటింజెంట్‌లోనే మొదట నిప్పు రాజుకుంది. జూన్ నెలలో ఔరంగాబాదులోని అశ్విక దళం తిరగబడింది. తమను ఢిల్లీ బాదుషా మీద యుద్ధానికి పంపబోతున్నారన్న వార్త సిపాయిల్లో పాకింది. పుణె నుంచి వచ్చిన సేన ఆ తిరుగుబాటును అణచింది. కొందరిని ఉరితీశారు, కొందరిని కాల్చారు, కొందరిని ఫిరంగి గొట్టాలకు కట్టి పేల్చారు. బుల్ఢాణా నుంచి జమాదారు ఛీదా ఖాన్ కొద్దిమంది సహచరులతో దళం వదిలి హైదరాబాదు దారి పట్టాడు. నిజాం రాజధానిలో ఆశ్రయం దొరుకుతుందని వారి నమ్మకం. సాలార్ జంగ్ వారిని పట్టుకొని రెసిడెన్సీకి అప్పగించాడు. ఆశ్రయం కోరి వచ్చినవారిని పరాయివాడి చేతిలో పెట్టారన్న వార్త పాతబస్తీ గల్లీల్లో ఎంత వేగంగా పాకి ఉంటుందో, ఆ గల్లీల్లో పుట్టిన నేను ఊహించగలను.

జూలై 17 శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజుకు జనం కిక్కిరిశారు. ఛీదా ఖాన్‌ను విడిపించాలన్న మాట అక్కడ లేచింది. మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ ముందు నిలిచారు. సాయంత్రానికి దాదాపు ఐదు వందల మంది రోహిల్లాలు, వారితో నగర జనం, మూసీ దాటి రెసిడెన్సీ వైపు కదిలారు. నేటి నయాపుల్ అప్పటికి లేదు. మూసీకి ఇవతల నిజాం నగరం, అవతల రెసిడెంటు కోట. నది ఆ రెండు అధికారాల మధ్య గీత. ఆ సాయంత్రం వాళ్లు దాటింది నీళ్లను మాత్రమే కాదు.

రెసిడెన్సీ భవనం చూసినవారికి తెలుసు, దాని స్తంభాల ఎత్తు. ఈ శతాబ్దిలో కూడా పాతబస్తీ నుంచి మొదటిసారి వెళ్లినవాడు ఆ మెట్ల ముందు ఒక్క నిమిషం ఆగిపోతాడు. కిర్క్‌పాట్రిక్ కట్టించాడు, ఖర్చు నిజాంది. ఆ సాయంత్రం దాని లోపల మేజర్ బ్రిగ్స్ చేతికింద మద్రాసు గుర్రపు ఫిరంగి దళం సిద్ధంగా ఉంది. సాలార్ జంగ్ ముందే కబురు పంపాడు. దాడి చేసేవారికి ఇది తెలియదు. వాళ్లు పుత్లీబౌలి వైపు ప్రహరీకి ఎదురుగా ఉన్న రెండు ఎత్తైన ఇళ్లను పట్టుకున్నారు. ఒకటి జయగోపాల్ దాస్‌ది, మరొకటి అబ్బన్ సాహెబ్‌ది. ఇద్దరూ సాహుకార్లు. ఆ రెండు ఇళ్ల నుంచి రెసిడెన్సీ లోపలికి తుపాకులు పేలాయి. తోట వైపు తలుపు విరిగింది. లోపలి నుంచి ఫిరంగులు జవాబిచ్చాయి.

ఇది ఎంత అసమానమైన పోరో కొంచెం ఆలోచించాలి. ఒక పక్క శిక్షణ పొందిన గోలందాజులు, గుండ్లు, మందుగుండు, గోడలు, ముందే అందిన కబురు. మరొక పక్క నాటు తుపాకులు, కత్తులు, రెండు సాహుకారు ఇళ్ల మేడలు. ఎదురుగా ఫిరంగి ఉందని తెలిసిన మొదటి అరగంటలో పారిపోవచ్చు. వాళ్లు పారిపోలేదు. రాత్రంతా కాల్పులు సాగాయి. నగరం నుంచి తమకు తోడు వస్తుందని చూశారు. రాలేదు. నవాబుల దేవిడీల తలుపులు మూసే ఉన్నాయి. మూసీకి ఇవతల దేవిడీల్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోయి ఉండరు, కాని ఒక్కరూ బయటికి రాలేదు. తెల్లవారుజాముకు మందుగుండు అయిపోయి, సహచరుల శవాలు వదిలి, మిగిలినవారు చీకటిలో చెదిరిపోయారు.

సైనిక శాస్త్రం తెలిసినవారు దీన్ని తొందరపాటు అంటారు. పథకం లేదు, వెనక దళం లేదు, రహస్యం నిలవలేదు. ఆ విమర్శ నిజమే. కాని ఫిరంగి ముందు ఒక రాత్రి నిలబడటం అన్న పనికి పేరు ఏమిటి? అదే పని ప్రహరీకి అవతల నుంచి చేసి ఉంటే దానికి పతకం ఉండేది.

నాలుగైదు రోజుల్లోనే, జూలై 22న, తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. విచారణ జరిగింది. మౌల్వీ అల్లావుద్దీన్ ఎక్కడున్నాడో చెప్పమన్నారు. చెప్పలేదు. ఆయన జీవితంలో రెసిడెన్సీ రాత్రి కంటే ఈ మౌనం నాకు పెద్దదిగా కనిపిస్తుంది. గుంపులో, చీకటిలో, పక్కన పేలుతున్న తుపాకుల ఊపులో ధైర్యం ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. గదిలో ఒంటరిగా, అడిగేవాడి ఎదుట కూర్చున్నప్పుడు అంటించేవాడు ఎవడూ ఉండడు. యావజ్జీవ ద్వీపాంతరవాసం, అంటే అండమాన్, శిక్షగా పడింది. మౌల్వీ తర్వాత వేరేచోట దొరికాడు. ఆయనను 1859లో అండమాన్‌కు పంపారు. అక్కడే పోయాడు.

తుర్రెబాజ్ ఖాన్ మాత్రం అండమాన్ చూడలేదు. 1859 జనవరి 18న కాపలా దాటి చెర నుంచి తప్పించుకున్నాడు. అప్పటికి దేశమంతటా తిరుగుబాటు దాదాపు అణగారిపోయింది. ఢిల్లీ పడి పదహారు నెలలు. బహదూర్ షా రంగూన్‌లో ఖైదీ. కంపెనీ పోయి రాణీ పాలన వచ్చింది. ఎవరి కోసం తప్పించుకున్నాడు, ఎక్కడికి పోవాలని? ఉత్తరంగా, అడవి ఉన్న వైపు పోయాడు. తల మీద ఐదు వేల రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ కాలంలో ఐదు వేలంటే ఒక సిపాయి జీవితకాలమంతా కూడబెట్టినా చేతికి రాని సొమ్ము.

ఇక్కడ ఈ కథను ఒక్క క్షణం ఆపి, అదే నెలలో అదే సైన్యం చరిత్రలో జరిగిన మరొక సంగతి చెప్పాలి. తుర్రెబాజ్ ఖాన్ తప్పించుకోవడానికి మూడు రోజుల ముందు, జనవరి 15న, మరాఠీ సీమలోని చిచంబా అనే ఊరి దగ్గర హైదరాబాదు కంటింజెంట్ రెండో అశ్విక దళానికి చెందిన కెప్టెన్ హెర్బర్ట్ మాక్‌వర్త్ క్లాగ్‌స్టన్ తిరుగుబాటుదారుల మీదికి దూకాడు. ఆయన వెంట ఎనిమిది మంది రౌతులు. ఎదుటివారిని తిరిగి ఊళ్లోకి తరిమి, వాళ్లు దోచిన సొత్తు వదిలిపోయేటట్లు చేశాడు. తీవ్రంగా గాయపడ్డాడు. ఆ సాహసానికి బ్రిటిష్ సామ్రాజ్యపు అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. క్లాగ్‌స్టన్ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. ప్రాణానికి తెగించినవాడే.

ఆయన వెంట వెళ్లిన ఎనిమిది మందిలో ఏడుగురు పోయారు. పతకం ఎందుకిచ్చారో చెప్పే అధికారిక ప్రకటనలో ఆ సంగతి ఉంది, ఏడుగురన్న అంకె ఉంది. పేర్లు లేవు. పేర్లు రాసినా వారికి ఆ పతకం రాదు. ఎందుకంటే 1856లో పుట్టిన విక్టోరియా క్రాస్‌కు భారతీయ సైనికులు అర్హులని ఒప్పుకొన్నది 1911లో. దానికి ముందు వారికి వేరే పంక్తి, ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్. ఒకే గుర్రపు దౌడు, ఒకే గుండ్ల వర్షం, కాని భోజనాల దగ్గర వేరు వేరు పంక్తులు. కులం తెలిసినవాడికి ఈ ఏర్పాటు కొత్తగా ఏమీ అనిపించదు. విస్తరి దగ్గర ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు ఎంగిలి ఎత్తాలో నిర్ణయించే పద్ధతిని సీమ నుంచి వచ్చినవాడు మన దగ్గర నేర్చుకున్నాడో, తన దగ్గరే తెచ్చుకున్నాడో నాకు తెలియదు. ఆ ఏడుగురిది ఏ ఊరు, ఏ కులం, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూశారు అన్న ప్రశ్నలు మాత్రం నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

తుర్రెబాజ్ ఖాన్ ఆరు రోజులు స్వేచ్ఛగా ఉన్నాడు. జనవరి 24న తూప్రాన్ దగ్గర అడవిలో ఆయనను చంపారు. చంపినవాడు ఇంగ్లీషువాడు కాడు, తూప్రాన్ తాలూకాదారు మీర్జా ఖుర్బాన్ అలీ బేగ్. శవాన్ని హైదరాబాదు తెచ్చారు. తెచ్చి రెసిడెన్సీ దగ్గర, జనం అందరూ చూసేటట్లు, నగ్నంగా వేలాడదీశారు. తలపాగాకు తురాయి ధరించడమే పేరుగా ఉన్న మనిషి చివరకు నూలుపోగు లేకుండా గొలుసులకు వేలాడాడు. ఇది శిక్ష కాదు. శిక్ష అప్పటికే పూర్తయింది. ఇది జనానికి చెప్పిన పాఠం. మన పల్లెల్లో ఇట్లాంటి పాఠాలు చెప్పే పద్ధతి ఎంత పాతదో, ఎంత ఇటీవలిదో ఈ పేజీ చదివేవారికి నేను చెప్పనవసరం లేదు. కారంచేడు, చుండూరు పేర్లు చాలు.

ఆ తర్వాత బహుమానాల కాలం వచ్చింది. 1860లో కొత్త ఒప్పందం జరిగింది. నిజాం యాభై లక్షల రూపాయల అప్పు రద్దయింది. 1853లో తీసుకున్న రాయచూరు అంతర్వేది, నల్దుర్గ్ సీమలు తిరిగి వచ్చాయి. బీరారు మాత్రం రాలేదు. నిజాంకు లక్ష రూపాయల విలువైన కానుకలు, 1861లో స్టార్ ఆఫ్ ఇండియా బిరుదు అందాయి. దివానుకూ కానుకలు అందాయి, కొన్నేళ్లకు బిరుదూ వచ్చింది. సాలార్ జంగ్ తెలివిగలవాడు. ఆయన పరిపాలనా సంస్కరణలను నేను కాదనను. రాజ్యాన్ని విధ్వంసం నుంచి కాపాడాడని చెప్పేవారి వాదనలో కొంత నిజముంది. కాని ఆ జూలై రాత్రి ఆయన కాపాడినది ఎవరిని, ఖర్చు ఎవరి ప్రాణం అన్న లెక్క కూడా రాయాలి. సాలార్ జంగ్ మ్యూజియంలో కత్తులు, బాకులు అద్దాల వెనుక మెరుస్తుంటాయి. ఒకటి రెండు సార్లు అక్కడ నిలబడి, వీటిలో ఫిరంగికి ఎదురు నిలిచినది ఏదైనా ఉందా అని వెతికాను. రత్నాలు పొదిగిన కత్తులకు ఆ అవసరం రాదు.

తిరిగి ఇచ్చిన సీమల పక్కనే కొత్తగా వచ్చి నిజాం ఖాతాలో పడినది షోరాపూర్ సంస్థానం. దాని రాజు వెంకటప్ప నాయకుడు బేడర్లవాడు. మన వైపు బోయలంటాం. 1858 ఫిబ్రవరిలో తిరగబడి ఓడి, సాయం కోసం ఆ యువరాజు కూడా హైదరాబాదుకే వచ్చాడు. పాతబస్తీ బజారులో తిరుగుతుండగా పట్టుకొని సాలార్ జంగ్‌కు, అక్కడి నుంచి రెసిడెంటుకు అప్పగించారు. చెరలోనే తుపాకి గుండుకు పోయాడు. ఉత్తరాన నిర్మల్ అడవుల్లో రాంజీ గోండు, ఆయన వెంట గోండులతో పాటు రోహిల్లాలు కూడా పోరాడారు. 1860లో వారిని నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యి ఉరుల మర్రి అని ఆ చెట్టుకు పేరు నిలిచింది. గోండు, బోయ, రోహిల్లా. నిజాం దర్బారులో ఆసనం లేని మూడు రకాల మనుషులు మూడు దిక్కుల్లో లేచారు. దర్బారు మూడు చోట్లా తలుపు మూసుకుంది.

తెల్లవాడు ఈ యుద్ధం నుంచి నేర్చుకున్న పాఠం వేరు. ఎవరు వీరజాతి, ఎవరు కాదు అన్న పట్టికలు ఆ తర్వాత తయారయ్యాయి. అప్పటికి నూరేళ్లుగా మద్రాసు సైన్యాన్ని మోసినవారిలో మాలలు, మాదిగలు, పరయలు, తెలగాలు, ముస్లింలు ఉన్నారు. బెంగాలుకు క్లైవు వెంట వెళ్లిన దక్షిణాది సిపాయిలను చూసి అక్కడివారు ప్రతి సిపాయినీ తిలంగా అన్నారు. తెలంగా అన్న మన పేరే అది. 1857లో ఢిల్లీ జనం తిరగబడిన సిపాయిలను కూడా తిలంగాలనే పిలిచారు. ఆ పేరు పుట్టించినవారినే 1890ల నాటికి యుద్ధానికి పనికిరారని పక్కన పెట్టారు. మహారాష్ట్రలో మహర్లకూ అదే జరిగింది. నిన్నటి దాకా ప్రాణం తీసుకోవడానికి పనికివచ్చిన కులం, నేడు యూనిఫాం తొడగడానికి పనికిరాకుండా పోయింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా మా వాళ్లలో కొందరు నొచ్చుకుంటారు. మన తాతలు కూడా సర్కారు ఫౌజులో పనిచేశారు, పతకాలు తెచ్చారు, ఊళ్లో చెప్పులేసుకొని నడిచే ధైర్యం మనకు అక్కడి నుంచే వచ్చింది కదా అంటారు. నిజమే. గ్రామం నీళ్లు కూడా ముట్టనివ్వని మనిషికి తుపాకి ఇచ్చి, వరుసలో నిలబెట్టి, నెల నెలా జీతమిచ్చిన పటాలాన్ని ఆ మనిషి ప్రేమించడంలో తప్పు వెతికే హక్కు గ్రామానికి లేదు. కోరేగావ్ స్తంభం దగ్గర తల వంచేవారిని నేను ఎన్నడూ వెక్కిరించను. నా మాట ఇంతే. ఇచ్చేవాడి అవసరాన్ని బట్టి దొరికి, అవసరం తీరగానే ఆగిపోయే గౌరవాన్ని మన ధైర్యానికి కొలబద్ద చేసుకోకూడదు. క్లాగ్‌స్టన్ వెంట వెళ్లిన ఏడుగురూ, జయగోపాల్ దాస్ మేడ మీద రాత్రంతా నిలిచినవారూ ఎదుటెదుటి పక్షాలవారే. అయినా నేను రాస్తున్నప్పుడు వారిద్దరి మధ్య గోడ నాకు పలచగా కనిపిస్తుంది. ఇద్దరి పేర్లూ కాగితం మీదికి రాలేదు. ఒక్క తుర్రెబాజ్ ఖాన్ పేరే వచ్చింది, అది కూడా వెక్కిరింతగా.

రెసిడెన్సీ భవనం స్వాతంత్ర్యం తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది. ఈ మధ్య విశ్వవిద్యాలయమైంది. దానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన కౌలు పంట దొర గూండాల పాలు కాకుండా నిలబడిన మా కులపు స్త్రీ. బోర్డు మీద ఆ కులం పేరు చూసినప్పుడు, కోఠి చౌరస్తాలో నేను చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. పేరు ముందు చాకలి అన్న మాట అవసరమా అని ఒక మిత్రుడు అడిగాడు. పెద్దింటి పేర్ల వెనుక ఉండే కులపు తోకల గురించి ఆయన ఎప్పుడూ అడగలేదు.

మా అన్న కూతురు ఇప్పుడు అక్కడే డిగ్రీ చదువుతోంది. లాల్‌దర్వాజ నుంచి రోజూ బస్సులో మూసీ దాటి వెళుతుంది. కిందటి నెలలో ఫీజు కట్టడానికి నేను తోడు వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు కోఠి బస్టాండు దగ్గర 1857 స్మారకం చూపించాను. చుట్టూ పాత పుస్తకాల బండ్లు, సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాళ్లు. ఆ అమ్మాయి పేరు చదివి, ఈయనేనా ఆ తుర్రుంఖాన్ అని అడిగింది. అవునన్నాను. ఆ రాత్రి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. జయగోపాల్ దాస్ మేడ దాకా వచ్చేసరికి మా బస్సు వచ్చింది. మిగతాది బస్సులో, నిలబడే చెప్పాను.